ముందు ఆపడం నేర్పండి

నేను కారు నేర్చుకున్నప్పుడు మొదటి రోజు విన్న మొదటి మాట "క్లచ్ మెల్లగా వదలండి" అని. రెండో రోజూ అదే మాట. వారం పాటు నేర్చుకున్నదంతా బండిని కదిలించడమే. ఇంజిన్ ఆగిపోకుండా కదిలించడం, ఎత్తు మీద వెనక్కి జారకుండా కదిలించడం, గేరు మార్చేటప్పుడు కుదుపు లేకుండా కదిలించడం. బ్రేకు గురించి చెప్పింది ఒకే ఒక్క వాక్యం: "మధ్యలోది బ్రేకు, అవసరమైతే తొక్కండి." ఎంత ముందుగా తొక్కాలి, ఎంత బలంగా తొక్కాలి, తొక్కాక ఎలా వదలాలి, మలుపులో తొక్కితే ఏమవుతుంది, ఇవేవీ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సిన విషయం ఒకటుందని తెలిస్తే కదా అడగడానికి.

లైసెన్సు వచ్చిన రెండో నెలలో, వాన వెలిసిన ఒక సాయంత్రం, దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో ఒక మలుపులోకి వెళ్లాను. మొదట్లో తేలిగ్గానే అనిపించింది. సగంలోకి వచ్చాక ఆ మలుపు ఇంకా బిగుసుకుంది. భయం వేసింది. భయపడగానే కాలు దానంతటదే వెళ్లి బ్రేకు మీద పడింది. స్టీరింగ్ తిప్పే పట్టుకున్నాను, కానీ బండి తిరగలేదు. అప్పటి నా కారుకు ఏబీఎస్ లేదు, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు. ముందు చక్రాలు తిరగడం మానేసి జారడం మొదలుపెట్టాయి. జారుతున్న చక్రం ఎటు తిప్పి ఉందన్నది రోడ్డుకు అనవసరం. బండి తిన్నగా వెళ్లి ఎదుటి లైనులో ఆగింది. ఆ సమయానికి ఎదురుగా ఏ బండీ రాలేదు.

ఆగిన చోట చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా వాదన ఒకటే. కొత్తవాళ్లకు బండి కదిలించడం కన్నా ముందు ఆపడం నేర్పాలి. మలుపు తిరగడం కూడా అందులో భాగంగానే నేర్పాలి. ఎందుకంటే మలుపు బాగా తిరగడంలో సగానికి పైగా పని మలుపు రాకముందే, బ్రేకు మీదే జరిగిపోతుంది.

కారు బరువంతా రోడ్డుకు తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోటా ఇంచుమించు అరచేయంత జాగాలో. వేగం పెంచినా, తగ్గించినా, పక్కకు తిరిగినా ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే చేయాలి. ఆ పట్టుకు ఒక హద్దు ఉంది. ఉన్న పట్టంతా తిరగడానికే వాడేస్తే ఆపడానికి ఏమీ మిగలదు. ఉన్నదంతా ఆపడానికే వాడితే తిరగడానికి మిగలదు. రెండూ ఒకేసారి అడిగితే రెండూ సగం సగం కూడా దక్కకపోవచ్చు. ఆ సాయంత్రం నేను చేసింది సరిగ్గా ఇదే. తిరగడానికి దాదాపు పట్టంతా వాడేస్తూ, అదే టైరును ఆగమని కూడా అడిగాను.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు ఒకటి ఊహించుకోండి. 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, బండిని పక్కకు లాగి పట్టుకోవడానికి కావలసిన బలం దాని బరువులో నాలుగో వంతు. హాయిగా తిరుగుతుంది. 60తో వెళితే అది బరువులో సగం దాటుతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఒరిగి తలుపు పట్టుకుంటారు. 80తో వెళితే బండి బరువంత బలం కావాలి. మామూలు టైరు ఎండిన రోడ్డు మీద కూడా అంత పట్టు ఇవ్వలేదు. తడిసిన రోడ్డు మీద ఉన్న పట్టు సగానికి కూడా పడిపోవచ్చు కాబట్టి, వానలో 60కే కథ ముగుస్తుంది. వేగం 40 నుంచి 80కి రెండింతలైతే మలుపు అడిగే బలం నాలుగింతలైంది. స్పీడోమీటరు ముల్లు కొంచెం జరిగినట్టే కనిపిస్తుంది. టైరు మీద పడే భారం అలా కొంచెం పెరగదు.

ఆగడానికి పట్టే దూరానిదీ ఇదే లెక్క. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఒక పట్టిక ఉంటుంది. గంటకు 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్ల వేగంలో, ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపే బండి 9 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 14 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 23. వేగం 60 మైళ్లకు, అంటే సుమారు 96 కిలోమీటర్లకు పెరిగితే, మొదటి భాగం 18 మీటర్లు, రెండోది 55. మొత్తం 73. ఇది ఎండిన రోడ్డు, మంచి బ్రేకులు, మెలకువగా ఉన్న డ్రైవరు లెక్క. ఫోను చూస్తున్న డ్రైవరుది కాదు.

నన్ను ఎక్కువగా కదిలించిన లెక్క ఇంకొకటి ఉంది. రెండు కార్లు పక్కపక్కనే వెళుతున్నాయి. ఒకటి 50లో, ఒకటి 60లో. ఎదురుగా ఒక పిల్లాడు రోడ్డు మీదకు వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు, సెకనులో బ్రేకు వేశారు, ఒకేలా తొక్కారు. 50లో ఉన్న కారు ఆ పిల్లాడికి వెంట్రుకవాసి దూరంలో ఆగిందనుకుందాం. అదే చోట 60లో ఉన్న కారు ఇంకా 40 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. బయలుదేరినప్పుడు తేడా 10. తగిలే చోట తేడా 40. "పది ఎక్కువైతే ఏమవుతుంది" అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

ఇక మలుపు సంగతి. పద్ధతి చెప్పడానికి చిన్నదే. బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి వేగం తగ్గించాలి, కావలసిన గేరు వేసుకోవాలి, క్లచ్ పూర్తిగా వదిలేయాలి, అప్పుడు స్టీరింగ్ తిప్పాలి. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా, నిలకడగా ఉండాలి. దారి తెరుచుకుని స్టీరింగ్ తిన్నబడుతున్న కొద్దీ వేగం పెంచుకోవచ్చు. చేయడానికి మాత్రం నెలలు పడుతుంది. ఎందుకంటే అసలు చిక్కు కాలిలో లేదు, కంటిలో ఉంది.

కొత్తగా నడిపేవాళ్లు బానెట్ ముందు పది పదిహేను మీటర్లే చూస్తారు. మలుపు వాళ్లకు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, ముక్కకోసారి స్టీరింగ్ సవరిస్తారు, బండి ఊగుతుంది. చూపును మలుపు లోపలికి, రోడ్డు రెండు అంచులూ దూరాన కలిసిపోయినట్టు కనిపించే చోటుకు పంపాలి. బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో ఈ చోటుకు చాలా ప్రాధాన్యం ఇస్తారు. మీరు ముందుకు పోతుంటే ఆ కలిసే చోటు మీవైపు వచ్చేస్తోందనుకోండి, మలుపు బిగుసుకుంటోందని అర్థం, వేగం ఇంకా తగ్గాలి. మీతో సమానంగా జరుగుతూ ఉంటే వేగం సరిపోయింది. మీకన్నా వేగంగా దూరమవుతుంటే మలుపు తెరుచుకుంటోంది. నన్ను జారనిచ్చిన ఆ మలుపు నాకు ముందే ఈ కబురు చెప్పే ఉంటుంది. నేను చూడలేదు.

దీంతో ముడిపడిన సూత్రం ఇంకొకటి: కంటికి ఖాళీగా కనిపిస్తున్నంత దూరంలో ఆగగలిగే వేగంలోనే ఉండాలి. మలుపు వెనక ఆగిపోయిన లారీ ఉండొచ్చు, పశువు ఉండొచ్చు. రెండు బండ్లు పట్టని ఇరుకు రోడ్డయితే కనిపించే దూరంలో సగంలోనే ఆగగలగాలి, ఎదుటివాడు ఆగడానికి మిగతా సగం కావాలి కాబట్టి. మలుపు లోపలి అంచును కోసుకుంటూ ఎదుటి లైనులోకి వెళ్లే అలవాటు మొదటి నెలలోనే పడుతుంది, పడితే పోదు. అందుకే నేర్పేవాళ్లు మొదటిసారే ఆపాలి.

రేసు వీడియోలు చూసి వచ్చిన కుర్రాళ్లు నాతో వాదిస్తారు. రేసర్లు మలుపులోకి బ్రేకు మోసుకెళతారు కదా అని. నిజమే, వాళ్లు స్టీరింగ్ తిప్పుతూ బ్రేకును కొద్దికొద్దిగా వదులుతారు, దానివల్ల ముందు టైర్ల మీద బరువు నిలిచి బండి బాగా తిరుగుతుంది. కానీ ఆ మలుపును వాళ్లు వందలసార్లు తిరిగి ఉంటారు. ఎదురుగా ఎవరూ రారు. తప్పితే జారిపోవడానికి పక్కన ఖాళీ జాగా ఉంటుంది. మనకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. వాళ్ల నుంచి కొత్తవాళ్లు తీసుకోవలసింది ఒక్కటే, బ్రేకు మీద నుంచి కాలు చటుక్కున తీసేయకుండా మెత్తగా వదలడం.

ఇంత జాగ్రత్త పడినా ఏదో ఒక రోజు వేగం ఎక్కువై మలుపు మధ్యలో ఉన్నామని తెలుస్తుంది. అప్పుడేం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాలి. యాక్సిలరేటర్ నుంచి కాలు మెత్తగా తీయండి. ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు పడి వెనక చక్రాలు తేలికై పక్కకు విసిరే ప్రమాదం ఉంది. చూపును వెళ్లాల్సిన దారి మీదే ఉంచండి. గుద్దుతామని భయపడే చెట్టు వైపు చూస్తే చేతులు కూడా అటే పోతాయి. ఏబీఎస్ ఉన్న బండి అయితే స్టీరింగ్ దారివైపే పట్టుకుని బ్రేకు వేయొచ్చు, చక్రాలు బిగుసుకోకుండా అది చూసుకుంటుంది. లేని బండి అయితే జాగా ఉన్నంతవరకు స్టీరింగ్ కాస్త తిన్నగా చేసుకుని బ్రేకు వేసి, చక్రాలు జారుతున్నట్టు తెలియగానే కొంచెం వదిలి, మళ్లీ తిప్పాలి. ఇవన్నీ రెండు సెకన్లలో జరిగిపోతాయి. చదివి గుర్తుపెట్టుకుంటే సరిపోదు, చేసి ఉండాలి.

అందుకే నా వాదనలో ముఖ్యమైన మాట ఇది. కొత్త డ్రైవరెవరూ బ్రేకును ఒక్కసారైనా పూర్తి బలంతో తొక్కకుండా ఒంటరిగా రోడ్డెక్కకూడదు.

చాలామంది పదేళ్లు నడిపి కూడా ఎప్పుడూ బ్రేకును చివరిదాకా తొక్కి ఉండరు. రోజువారీ ట్రాఫిక్‌లో ఆ అవసరం రాదు. అవసరం వచ్చిన రోజు కాలికి ఆ బలం తెలియదు. కార్ల కంపెనీలు ఈ సంగతిని ఎప్పుడో గమనించాయి. కంగారులో డ్రైవర్లు పెడల్‌ను వేగంగా తొక్కుతారు కానీ గట్టిగా తొక్కరు, తొక్కినా పట్టి ఉంచరు. ఆ లోటు పూడ్చడానికే మెర్సిడెస్ 1996లో బ్రేక్ అసిస్ట్ తెచ్చింది. పెడల్ కిందికి వెళ్లే వేగాన్ని బట్టి ఇది అత్యవసరమని పసిగట్టి, పూర్తి ఒత్తిడి అదే వేసేస్తుంది. మనిషి కాలు ఆ పని చేయలేకపోతోందని ఒక యంత్రం కనిపెట్టాల్సి వచ్చిందంటే, శిక్షణలో ఎంత ఖాళీ ఉందో చూడండి.

మా అన్నయ్య కూతురికి నేర్పేటప్పుడు మూడో రోజే ఒక ఖాళీ మైదానానికి తీసుకెళ్లాను. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాం. వెనక సీట్లో వదులుగా ఉన్నవన్నీ తీసి డిక్కీలో పెట్టాం. కాళ్ల దగ్గర దొర్లుతున్న నీళ్ల సీసా కూడా తీశాను. అది బ్రేకు పెడల్ కిందికి దొర్లితే ఎంత బలమున్నా పెడల్ కిందికి పోదు. సీటు సరిచేయించాను: బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి, లేకపోతే కాలికి బలం అందదు. చాలామంది సీటును హాయి కోసం వెనక్కి జరుపుకుంటారు, దాంతో వేలి కొసలతో బ్రేకు తొక్కుతుంటారు.

"40కి రా. నేను 'ఆపు' అనగానే బ్రేకు, క్లచ్ రెండూ ఒకేసారి, నేలను పగలగొట్టేలా తొక్కు. ఆగేదాకా వదలకు" అన్నాను.

మొదటిసారి తను మామూలుగా సిగ్నల్ దగ్గర ఆపినట్టే ఆపింది. అదే తన గట్టి బ్రేకు అనుకుంది. రెండోసారి నిజంగా తొక్కింది. కాలి కింద టకటకమని పెడల్ ఎదురు తన్నగానే హడలిపోయి కాలు తీసేసింది.

"అత్తా, ఏదో విరిగింది!"

"విరగలేదమ్మా. ఏబీఎస్ పనిచేస్తే అలాగే ఉంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంకా గట్టిగా తొక్కాలి."

ఈ ఒక్క సంభాషణ కోసమే ఆ మైదానానికి వెళ్లాం. ఇప్పటి తరహా ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978 నుంచి కార్లలో ఉంది. చక్రం బిగుసుకోబోతుంటే ఒత్తిడి తగ్గించి, మళ్లీ పెంచి, సెకనుకు ఎన్నోసార్లు ఆ పని చేస్తుంది. పెడల్ అందుకే అదురుతుంది. ఆ అదురు మొదటిసారి నిజమైన ప్రమాదంలోనే తెలిస్తే, తను ఇప్పుడు చేసినట్టే ఎవరైనా కాలు తీసేస్తారు. నాలుగో ప్రయత్నంలో తను వదల్లేదు. ఆరో ప్రయత్నంలో బ్రేకు పూర్తిగా తొక్కి ఉండగానే స్టీరింగ్ తిప్పి, నేను పెట్టిన అట్టపెట్టెను తప్పించింది. ఏబీఎస్ అసలు మేలు అది. ఆగే దూరాన్ని అన్నిచోట్లా తగ్గించేస్తుందని అనుకుంటారు కానీ వదులు కంకర మీద దూరం పెరగొచ్చు కూడా. అది కచ్చితంగా ఇచ్చేది ఆగుతూ కూడా తిరగగల వీలు.

తర్వాత అదే మైదానంలో దూరాలు కొలిచాం. 30తో, 40తో, 50తో ఆగిన చోటల్లా ఒక రాయి పెట్టాం. దిగి నడిచి చూసింది. 50 రాయి అంత దూరంలో ఉంటుందని తను అనుకోలేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి గట్టిది, దాన్ని దాటవేయను. ఇలాంటి శిక్షణ ఇస్తే కుర్రాళ్లకు అతి నమ్మకం వస్తుందంటారు. ఇది ఊరికే అన్న మాట కాదు. నార్వేలో జారే రోడ్ల మీద బండిని అదుపు చేయడం నేర్పినప్పుడు, ఆ నేర్పు మీద నమ్మకంతో కుర్ర డ్రైవర్లు మరింత ప్రమాదంలో పడినట్టు తేలింది. తర్వాత అక్కడ శిక్షణ ఉద్దేశాన్నే మార్చారు. జారిన బండిని అదుపు చేయడం కన్నా, ఎంత తేలిగ్గా జారుతుందో తెలిసేలా చేయడం మీద దృష్టి పెట్టారు. నేను చెప్పేదీ అదే. మా అమ్మాయికి బండి విసరడం, జారించి లాగడం నేర్పలేదు. రాళ్లు పెట్టించాను. తన వేగం తనను ఎంత దూరం తీసుకెళ్తుందో చూసిన మనిషి ధైర్యం పెంచుకోదు, దూరం పెంచుకుంటుంది. ముందు బండికీ మనకూ మధ్య రెండు సెకన్లు, వానలో కనీసం నాలుగు అన్న మాట ఆ రాళ్లు చూశాక తనకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

"అనుభవం మీద అదే వస్తుంది" అనేది రెండో అభ్యంతరం. నాకు అనుభవం ఎదుటి లైనులో వచ్చింది. ఆ దారిన రావాలని ఎవరికీ చెప్పలేను. "కొత్త కార్లలో అన్నీ ఉన్నాయి" అనేది మూడోది. ఏబీఎస్ గానీ, బండి అదుపు తప్పి పక్కకు జారకుండా చూసే, 1995లో వచ్చిన స్టెబిలిటీ కంట్రోల్ గానీ ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నాయి, కారు కొనేటప్పుడు అవి ఉండాల్సిందేనని నేనూ అంటాను. కానీ అవన్నీ పనిచేసేది ఆ నాలుగు అరచేతుల మీదే. లేని పట్టును ఏ కంప్యూటరూ పుట్టించలేదు. అరిగిపోయిన టైర్ల మీద నీళ్లలో మరీ లేదు.

రోజూ వేసే మామూలు బ్రేకు గురించి కూడా ఒక మాట. మెత్తగా మొదలుపెట్టి, మధ్యలో బలం పెంచి, ఆగే ముందు మళ్లీ సడలించాలి. చివరి అడుగులో కాస్త వదిలితే బండి తల ఊపకుండా ఆగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ల తల ముందుకు వాలిందంటే బ్రేకు ఆలస్యంగా మొదలైందని అర్థం. తొక్కే ముందు అద్దంలో వెనక చూడడం, త్వరగా మొదలుపెట్టి వెనకవాడికి బ్రేకు లైటు ఎక్కువసేపు కనిపించేలా చేయడం కూడా బ్రేకు వేయడంలో భాగమే.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం ఈ మెత్తదనం సరిపోదు. కాలు బ్రేకు మీదే ఉంచి దిగేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. బండి ఎత్తు మీద నుంచి తెచ్చిన శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ప్యాడ్లు మరీ వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేకు ఫ్లూయిడ్ మరిగితే పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసి ఇంజిన్‌తో బండిని పట్టించాలి. ఆటోమేటిక్‌లోనూ దానికి ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉంటుంది. బ్రేకు గట్టిగా కొద్దిసేపు వేసి, వేగం తగ్గాక పూర్తిగా వదిలి చల్లారనివ్వాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లను బతిమాలుతున్నాను, ఆ పని మానేయండి. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి కాలు తీస్తే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది.

మైదానం నుంచి తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయే నడిపింది. కొత్తవాళ్ల పక్కన కూర్చున్న ప్రతిసారీ నా కుడికాలు దానంతటదే నేలను తొక్కుతుంటుంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. దారిలో తొమ్మిది మలుపులు. దూరం నుంచే కాలు తీసి, తిన్నగా ఉండగానే బ్రేకు వేసి, గేరు మార్చి, అప్పుడు తిరిగింది. ఇల్లు చేరేదాకా నా కాలు ఒక్కసారే కదిలింది. బండి ఆపాక తనే అడిగింది.

"ఆ ఆరో మలుపు లేటు చేశాను కదా అత్తా?"

అవును, అదే.